రాజుబాయికి కట్టిన ముల్లె

గుడ్లు బియ్యంలో పెట్టాలా, ఊకలో పెట్టాలా అన్నది అరుంధతి ఇంకా తేల్చుకోలేదు. ఏడింటికల్లా గౌరవ్ వాళ్ల బండి వచ్చి వాకిట్లో హారన్ కొడుతుంది, ఇప్పుడే ఆరు దాటింది, వంటింటి గచ్చు మీద నలుగురికి మూడు రోజుల తిండి ఇంకా పరిచే ఉంది, బియ్యం, పప్పు, అటుకులు, ఉప్మా రవ్వ, పల్లీల పొడి, ఎండు మిరపకాయలు, గింజ తీసిన చింతపండు, నిన్న సాయంత్రం కూర్చుని కాల్చి గుడ్డలో చుట్టిన జొన్నరొట్టెలు, చిన్న గ్యాసు పొయ్యి, పొయ్యి మొరాయిస్తే పుల్లలు ముట్టించడానికి అగ్గిపెట్టెలు, అగ్గిపెట్టెలు తడిస్తే లైటరు. ఈ ఊరు సిరొంచ దాటితే అల్లపల్లి దాకా వంద కిలోమీటర్ల రోడ్డు, దాన్ని రోడ్డు అనడం మన మంచితనం, ఆ పైన టేకు అడవి, అక్కడ ఫోన్ పలకదు, దుకాణం ఉండదు, ఏది కావాలన్నా మన డిక్కీలోనే దొరకాలి. చేతిలో నాలుగు కాగితాల జాబితా. తహసీల్ ఆఫీసులో పదకొండేళ్లుగా కారకూన్‌గా, గుమస్తా కుర్చీలో కూర్చున్న మనిషి, ఇంటి సామానుకైనా వరస అంకె వేసి ఎదురుగా టిక్కు పెట్టకుండా ఉండలేదు. ఒకటి, తాగునీళ్లు, ఇరవై లీటర్ల డబ్బాలు రెండు. అరవై మూడు, సూదీ దారం. అరవై మూడుకీ టిక్కులు పడితే ప్రాణం కుదుటపడాలి కదా, పడలేదు. గడప పక్కన జాబితాకెక్కని సరుకొకటి కూర్చుని ఉంది. పాత చీర ముక్కలో ముడేసిన ముల్లె. నిన్న అవ్వ దాన్ని కట్టి, రెండుసార్లు ముడి లాగి చూసుకుని, "గిది రాజుబాయికి" అని అక్కడ పెట్టింది.

అందులో ఏమున్నాయో అరుంధతికి తెలుసు. మామిడికాయ పచ్చడి ఒక చిన్న సీసాడు, ప్రాణహితలో పట్టి ఎండబెట్టిన చేపలు, బెల్లం, ఒక రవిక ముక్క. రవిక ముక్క కోసం అవ్వ, మోకాళ్ల నొప్పితో గుమ్మం దిగడానికే గోడ పట్టుకునే లక్ష్మక్క, బజారు దాకా నడిచి వెళ్లింది, గౌరవ్ వాళ్ల నాన్న భుజంగరావు సేటు బట్టల కొట్టు మెట్ల మీద కూర్చుని అరగంట సేపు రంగులు తీయించింది. వెళ్లే ముందు కూతుర్ని అడిగింది, ఆమె నలుపా, ఎరుపా అని. "నలుపే అవ్వా" అని అరుంధతి చెప్పింది. ఈ రాజుబాయి వ్యవహారం మొత్తంలో అరుంధతి తల్లికి చెప్పిన నిజం ఇదొక్కటే. అవ్వ ఆకుపచ్చ తెచ్చింది. నల్లటి ఒంటికి ఆకుపచ్చ మెరుస్తుందట, తన పెళ్లికీ అదే రంగట, సేటు పది రూపాయలు తగ్గించాడట, ఎవరికని అడిగితే మా చెల్లెకు అని చెప్పిందట. చెల్లె! కళ్లతో చూడని మనిషి, ఎక్కడో అడవిలో మాడియా గోండుల ఊళ్లో ఉండే ముసలావిడ, మాట కూడా కలవదు, ఈమె తెలుగు ఆమెకు రాదు, ఆమె గోండి ఈమెకు రాదు. అయినా చెల్లె. ఎందుకంటే ఆమె ఈమె బిడ్డకు ఎండలో జావ పోసింది. బిడ్డ తాగింది. కొత్త ఊళ్లో మొట్టమొదట ఎవరు కడుపు చల్లబరిస్తే వాళ్లు అక్కచెల్లెళ్లయినట్టే, రెండోసారి ఆ గడప తొక్కితే ఉత్త చేతులతో తొక్కకూడదు, అది లక్ష్మక్క చట్టం, ఏ తహసీల్దారు సంతకమూ అక్కర్లేని చట్టం.

బిడ్డ తాగలేదు.

గుడ్లు బియ్యంలోనే పెడదాం, ఊకైతే మళ్లీ పారబోయాలి, బియ్యమైతే వండుకోవచ్చు. ఒక్కొక్క గుడ్డునూ వేళ్లతో గుంట చేసి దింపుతుంటే బియ్యం చల్లగా తగులుతోంది, ఫిబ్రవరి తెల్లవారుజాము చలి ఇంకా గింజల్లో దాగి ఉంది, పోయినేడు కూడా ఇవే రోజులు, శివజయంతి సెలవు ఆదివారంతో కలిసొచ్చిందని గౌరవ్ ఎగిరి గంతేశాడు, అక్కా, ఆనంద్ అన్నా, బండ్లు తీస్కొని మనమే పోదాం, డ్రైవర్ వద్దు, హోటల్ వద్దు, గుడారం ఏస్కొని ఏటి ఒడ్డున పండుదాం. అల్లపల్లి దాటిన మర్నాడు మధ్యాహ్నం అరుంధతి వాళ్ల బండి టైరుకే ఒక ఊరి ముందు మొల దిగింది. ఊరి మగవాళ్లు ఇద్దరు వచ్చి అరుంధతి భర్త ఆనంద్‌తో కలిసి జాకీ కింద రాయి పెట్టారు. అప్పుడు ఎదురుగా ఉన్న ఇంటి దడి తలుపు తీసుకుని ఆమె వచ్చింది, పొట్టి మనిషి, మోకాళ్ల పైకి కట్టిన చీర, చంకలో కుండ, చేతిలో ఆకుదొప్పలు. పేరు తర్వాత తెలిసింది. మొదట గౌరవ్‌కు పోసింది, వాడు దొప్ప ఎత్తి గటగటా తాగి, మూతి తుడుచుకుని మళ్లీ పట్టాడు, వాడి భార్య నేహ కళ్లు మూసుకుని తాగి ఫక్కున నవ్వింది, ముసలామె కూడా నవ్వింది, ముందు పళ్లు రెండు లేవు. తర్వాత మూడో దొప్ప అరుంధతి ముందుకు వచ్చింది. "ఘే" అంది ఆమె, వచ్చిన నాలుగు మరాఠీ ముక్కల్లో ఒకటి, తీసుకో అని. అరుంధతి ఆ దొప్పలోకి చూసింది. పలుచగా, బూడిదరంగులో, మీద చిన్న చిన్న బుడగలతో, పులిసిన వాసన ముక్కుకు తగిలింది. చేతులు వెనక్కి పెట్టుకుంది. నవ్వింది కూడా. ఆఫీసులో అర్జీ తిప్పి పంపేటప్పుడు నవ్వే మర్యాద నవ్వు. మంచి మరాఠీలో అంది, వద్దమ్మా, మాది మేం తెచ్చుకున్నాం.

నీళ్ల భయం అని తనకు తాను చెప్పుకుంది ఆ రాత్రి గుడారంలో. ఏ చెలమ నీళ్లో, కామెర్లు వస్తే మూడు నెలలు సెలవు ఎవరిస్తారు. చదువుకున్న మనిషి కదా, సాకులకు కరువా. కానీ ఆనంద్ టైరు బిగించి వచ్చి రెండు దొప్పలు తాగాడు, అతనూ చదువుకున్నవాడే, పిల్లలకు సైన్సు చెబుతాడు. తాగి ఏమీ అనలేదు, ఆమె వైపు చూడను కూడా చూడలేదు, ఆ చూడకపోవడమే నిలిచిపోయింది. ఇంటికి తిరిగొచ్చాక వాకిట్లో చెప్పులు విప్పకముందే అవ్వ అడిగింది, అవ్వ ఎప్పుడూ అడిగేది ఒక్కటే ప్రశ్న, ఏం చూశారు అని కాదు, "ఎవరన్న పెట్టిండ్రా?" అని. రాజుబాయి అని ఒకామె జావ పోసిందవ్వా. "తాగినవా?" తాగిన. ఎంత తేలిక, మూడక్షరాలు, లేదు అనడానికి పట్టేంత ఊపిరి కూడా పట్టలేదు. అక్కడితో ఆగితే బాగుండేది, అవ్వ ఆగనిచ్చిందా, కూర్చోబెట్టి కూపీ లాగింది, జొన్నదా కొర్రదా, పులిసిందా, ఉప్పేసిందా, ఉల్లిగడ్డ ఇచ్చిందా నంజుకోను. అబద్ధం ఆడితే అతికినట్టుండాలన్నారు, అరుంధతి అతికింది, జొన్నదే, జరంత పులిసింది, గొంతులోకి దిగంగ కడుపు దాంక సల్లగైంది, అని. ఆ రుచి అంతా తన చిన్నప్పటి నోట్లోంచి తీసి చెప్పింది. అవ్వ కళ్లు తడిశాయి. "ఆఫీసర్ అయినా నా బిడ్డ జావ మర్వలే" అని వాడంతా చెప్పుకుంది, మేనకోడలు శ్రావణి పెళ్లిలో పంక్తిలో కూర్చుని చెప్పింది, వియ్యపురాలికి చెప్పింది. ఆనంద్ ఆ పక్కనే ఉండి విస్తరిలోకి తల వంచుకుని పప్పు కలుపుకున్నాడు. ఏడాదిగా మొగుడూ పెళ్లాం దీని గురించి ఒక్క మాటా మాట్లాడుకోలేదు. తేలు కుట్టిన దొంగ ఒకరైతే, ఆ తేలును చూసినవాడు ఇంకొకరు.

పెరట్లో నీళ్ల చప్పుడు ఆగింది. అవ్వ స్నానం అయినట్టుంది. కాసేపటికి తడి జుట్టు తువ్వాల్లో చుట్టుకుని, గోడ పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది, గచ్చు మీది సామాన్లను, కూతుర్ని, జాబితాను మార్చి మార్చి చూసింది.

"ఎన్ని దినాలకే గిదంత?"

"మూడు దినాలకవ్వా."

"మూడు దినాలకా! గింత సామాన్ తోని మేము మూడు నెలలు బతికినం."

నవ్వుతూనే అంది, ఎత్తిపొడుపు లేదు, ఉన్నమాటే. నలుగురు మనుషులు, పిల్ల, మూడు నెలలు, మిరపకాయ ఏరడానికి ఏరు దాటి అవతలికి. సంక్రాంతి వెళ్లగానే మేస్త్రీ వచ్చి పేర్లు రాసుకునేవాడు, వాడలో సగం ఇళ్లకు తాళాలు పడేవి, తాళం లేని ఇంటికి తాడు. అవ్వ రెండు ముల్లెలు కట్టేది, ఒకటి నెత్తి మీదికి, ఒకటి చంకకు, అడుగున నూకలు, నూకల్లో గురుగుతో నూనె, పక్కన కారం, ఉప్పు, ఎండుచేపలు కాగితంలో చుట్టి, పైన బొంత, బొంతలో తపేలా, తపేలాలో గంటె చప్పుడు చేయకుండా గుడ్డ కుక్కి. జాబితా లేదు, టిక్కు లేదు, చదువే లేదు, ఒక్క వస్తువు మర్చిపోయిన గుర్తు అరుంధతికి లేదు. అక్కడ చేను గట్టున నాలుగు కర్రలు పాతి మీద ప్లాస్టిక్ పట్టా కప్పితే అదే ఇల్లు, పట్టా చుట్టూ మంచు నీళ్లు లోపలికి రాకుండా కాలువ తీయడం ఏడేళ్ల అరుంధతి పని, పొద్దంతా మిరపకాయ ఏరితే రాత్రి చేతులు మండేవి, అవ్వ ఆ చేతులకు జావ రాసేది, తాగగా మిగిలిన జావ, మంట ఆగేది. ఏడో తరగతి దాకా అంతే, జనవరి నుంచి మార్చి దాకా హాజరు పట్టీలో ఆమె పేరు ఎదురుగా గైర్‌హాజర్, గైర్‌హాజర్. పోయినేడు ఏటి ఒడ్డున గౌరవ్ ఆన్‌లైన్‌లో తెప్పించిన నీలం గుడారం విప్పి, అక్కా, చుట్టూ గిట్ల చిన్న కాలువ తియ్యాలె, లేకుంటే రాత్రి తడుస్తం అని నేర్పుతుంటే, అవునా అని ఆశ్చర్యపోయింది అరుంధతి. అవునా గౌరవ్, నాకు తెల్వనే తెల్వదు. చేతులు మాత్రం వాటంతట అవి పారను సరైన వాలున పట్టుకున్నాయి, వాడు చూడలేదు.

"గుడ్లు మధ్యల పెట్టకు, అంచుకు పెట్టు. మధ్యల బరువు కుంగుతది" అంది అవ్వ. అని వంగి, మోకాలు పట్టుకుంటూ కింద కూర్చుని, కూతురు సర్దినవన్నీ తీసి మళ్లీ సర్దడం మొదలుపెట్టింది, ఇరవై నిమిషాల పని అయిదు నిమిషాల్లో, పప్పు డబ్బా మూలకు, రొట్టెలు పైకి, నూనె సీసా నిలువుగా బియ్యం సంచికి ఆనించి. డెబ్బై రెండేళ్ల వేళ్లు, మిరప మంట ఎన్నేళ్లు తాగాయో, చివర్లు గట్టిపడి వేలిముద్రలు అరిగిపోయాయి, రేషన్ మిషన్ ఒక్కసారి కూడా ఆమెను గుర్తుపట్టదు. సర్దుతూ సర్దుతూ ముల్లె కోసం చెయ్యి చాపింది, గిది మీదికెల్లి పెట్టు, పచ్చడి కారితే బట్టలు కరాబ్ అయితయి, ఆమెకు ఇచ్చేటప్పుడు రెండు చేతులతోని ఇయ్యి, ఒంటి చేత్తోని ఇయ్యకు, మా అవ్వ పంపింది అను, మీ అక్క అను, గోండిల అక్కను ఏమంటరో అడుగు. అరుంధతి సరే అంది. ఇంకేమంటుంది.

ఏం చేయాలి దీన్ని. మూడు దారులున్నాయి, రాత్రంతా లెక్కపెట్టింది. దారిలో ఎక్కడో ఎవరికో ఇచ్చేసి రాజుబాయికి ఇచ్చామని చెప్పడం, అంటే అబద్ధానికి తోడు ఇంకో అబద్ధం, ఏనుగు మీద ఎన్ని మూటలైనా వేయొచ్చన్నట్టు. లేదా నిజంగానే ఇచ్చేయడం, ఆ దడి తలుపు ముందు రెండు చేతులతో పట్టుకుని నిలబడి, మీరు పోసిన జావకు, అనడం. ఏ జావ? ఆమెకు గుర్తుండదా? ముసలివాళ్లు ఎవరు తాగారో మర్చిపోతారేమో, ఎవరు తాగలేదో మర్చిపోతారా? మూడో దారి అవ్వకు చెప్పడం. అక్కడ ఆలోచన ఆగిపోతుంది, అక్కడ నిప్పుల గుండం ఉన్నట్టు వెనక్కి వస్తుంది. ఎందుకంటే ఒక్క తాగలేదు అని చెబితే సరిపోదు, ఏమన్నావు అని అడుగుతుంది అవ్వ, మాది మేం తెచ్చుకున్నాం అన్న మాట చెప్పాలి, ఆ మాట లక్ష్మక్క ముందు అనగలిగే నోరు అరుంధతికి లేదు. ఆ మాట ఆమె కనిపెట్టింది కాదు. తొమ్మిదేళ్ల వయసులో విన్నది.

వంతెన లేని రోజులు. గౌరవ్ వాళ్ల నాయనమ్మ కుసుమాంబ, కొడుకు కోడళ్లు, బంధువులు అంతా కార్తీక పున్నమికి అవతలి ఒడ్డున దేవుడి దర్శనానికి బయల్దేరారు, పెద్ద పెద్ద ఇత్తడి టిఫిన్లు, పులిహోర వాసన ఏటి దాకా. పడవ రాలేదు. ఎండ. రేవు పక్కనే లక్ష్మక్క గుడిసె. ఆ ఇంటి సేటు చేలోనే పత్తి ఏరే లక్ష్మక్క, తన గుడిసె ముందు వాళ్లు నీడకు నిలబడ్డారని పొంగిపోయింది, ఉరికి వెళ్లి పోచన్న ఇంట్లో పాలు అడిగి తెచ్చింది, ఇంకెవరింట్లోనో కొత్త స్టీలు గ్లాసులు, పళ్లెం, పాలు కాచి బెల్లం వేసి, తల మీద కొంగు కప్పుకుని తీసుకెళ్లింది. వాడవాళ్ల చేతి నీళ్లు సేటు ఇంటివాళ్లు తాగరన్న సంగతి ఆ రోజుల్లో ఎవరూ పైకి అనేవారు కాదు, అనాల్సిన అవసరమే ఉండేది కాదు, లక్ష్మక్కకు తెలియదా, తెలుసు, అయినా ఎండలో మనిషి కనబడితే ఆమె చెయ్యి ఆగదు. కుసుమాంబ కసురుకోలేదు. నిజం చెప్పాలంటే ఆమె చాలా మంచిది, పండక్కి చీర పెట్టేది. నవ్వింది, తీయగా అంది, "వద్దు లక్ష్మక్కా, మాది మేం తెచ్చుకున్నం." పడవ వచ్చేదాకా అవ్వ ఆ పళ్లెం పట్టుకుని అక్కడే నిలబడింది, వెనక్కి తీసుకుపోతే ఏం బాగుంటుందో అని, మళ్లీ అడుగుతారేమో అని, ఏమో ఎందుకో. పాలు చల్లబడి మీగడ కట్టాయి. పడవ కదిలాక గుడిసెలోకి వచ్చి అరుంధతికి ఇచ్చింది, ఆరు గ్లాసుల పాలు, బెల్లం పాలు, పుట్టి అన్ని పాలు ఎన్నడూ తాగలేదు, వాళ్లు వద్దన్నందుకు ఎంత సంతోషించిందో! గ్లాసు అడుగున బెల్లం వేలితో తీసి నాకుతూ తల్లి ముఖం వైపు చూడలేదు. ఆ చూడనిది ముప్పై రెండేళ్లుగా చూస్తూనే ఉంది.

మరి అంత తెలిసిన మనిషి ఎలా అంది ఆ మాట? ఇదిగో, ఇక్కడ నిజం ఉంది, దీన్ని ఆనంద్‌కు కూడా చెప్పలేదు. రాజుబాయిది తక్కువ చెయ్యి అనుకోలేదు ఆమె, నీళ్ల భయం కూడా కాదు, దొప్పలోని వాసన తెలియని వాసన అయితే తాగేదే, నేహలాగా కళ్లు మూసుకుని నవ్వేది. తెలిసిన వాసన. గౌరవ్‌కు జావ అడవి ముచ్చట, ఫోటో తీసి పెట్టుకునే రుచి, వాడు తాగితే సేటు మనవడు జావ తాగాడు అంటారు, ఎంత కలిసిపోయాడో అంటారు. ఆమె తాగితే? లక్ష్మక్క బిడ్డ జావ తాగుతోంది, అంతే, అందులో వింత ఏముంది. వాడి ఎదురుగా, కుసుమాంబ మనవడి ఎదురుగా, ఆ దొప్ప పట్టుకుంటే తన చేతులు పట్టుకునే తీరు చూసి వాడికి తెలిసిపోతుందనిపించింది, బొటనవేలు లోపలికి మడిచి దొప్ప కారకుండా పట్టుకునే తీరు, అది ఒక్కరోజులో వచ్చేది కాదు. అందుకని చేతులు వెనక్కి పెట్టుకుంది. ఏరు దాటి తెప్ప తగలేసిన మనిషి. సిగ్గుతో తెప్ప తగలబెట్టి, ఇప్పుడు ఆ బూడిద చూసి సిగ్గుపడుతోంది. పైగా ఆ క్షణంలో నోటికి ఏ మాట రావాలి, ఆఫీసు మరాఠీలో వందల మాటలుండగా, వచ్చింది ఆ మాటే, తీయదనంతో సహా, నవ్వుతో సహా. ముసలామె ఆ దొప్పను చూసుకుంది, తనేమైనా తక్కువ చేసిందా అన్నట్టు, తర్వాత అలా పట్టుకునే ఉండిపోయింది.

హారన్ వినబడింది. ఏడింటికి అన్నవాడు ఆరూ నలభైకే వచ్చాడు, గౌరవ్‌కు ఎక్కడికైనా వెళ్లాలంటే నిద్ర పట్టదు. ఆనంద్ నీళ్ల డబ్బాలు ఒకటొకటి మోసుకెళ్లి డిక్కీలో పెట్టాడు, గుడ్లున్న బియ్యం సంచి, పొయ్యి, జాబితా ప్రకారం అన్నీ, అరుంధతి వాకిట్లో నిలబడి ఒక్కోటీ చెబుతుంటే ఒక్కోటీ లోపలికి వెళ్లింది. చివరన అవ్వ ముల్లె తెచ్చింది, ఎవరికీ ఇవ్వకుండా తానే మోసుకుంటూ, గోడ వదిలి. డిక్కీలో అన్నిటికన్నా పైన పెట్టి రెండు చేతులతో నొక్కి, ఊగదని చూసుకుని, గౌరవ్ వైపు తిరిగింది. వాళ్ల ఇంట్లో చిన్నాపెద్దా అందరూ ఆమెను లక్ష్మక్క అనే పిలుస్తారు, వీడూ అంతే.

"చిన్న సేటూ, జర నిజం చెప్పు. మా అరుంధతి రాజుబాయి ఇంట్ల ఎన్ని దొప్పలు తాగింది? మా బిడ్డ చెప్తే తక్కువే చెప్తది."

గౌరవ్ అరుంధతిని చూడలేదు. అప్పుడే తెలిసింది ఆమెకు, తన అబద్ధం వీడికి ముందే తెలుసు, అవ్వ రవిక ముక్క కొంటూ కొట్లో వీడి నాన్నకు ఈ కథంతా చెప్పింది కదా, రాత్రి భోజనాల దగ్గర ఆ ముచ్చట వచ్చి ఉంటుంది, వీడు సిద్ధమయ్యే వచ్చాడు.

"రెండు తాగింది లక్ష్మక్కా" అన్నాడు. "మూడోది నేనే గుంజుకున్న."

నవ్వాడు. ఎంత మంచి నవ్వు, ఎంత తీయటి నవ్వు, అక్క పరువు కాపాడుతున్నానన్న నవ్వు. ఆ నవ్వు ఎవరిదో అరుంధతికి తెలుసు. అవ్వ సంతోషంతో తల ఊపుతోంది, చూశావా అన్నట్టు ఆనంద్ వైపు చూస్తోంది, ఆనంద్ డిక్కీ తలుపు మీద చెయ్యి వేసి కదలకుండా ఉన్నాడు. ఇంకొక్క నిమిషం నోరు మూసుకుంటే బండి కదిలిపోతుంది, అంతా సర్దుకుంటుంది, ఎవరికీ ఏ నష్టమూ లేదు. కానీ వాడి నాయనమ్మ కాదన్న పాలు తన కడుపులో పోసుకుని బతికిన పిల్ల, ఇప్పుడు వాడి జాలి కూడా పోసుకోవాలా. అవ్వ వైపు తిరిగింది.

"లేదవ్వా. నేను తాగలే."

"ఏందీ?"

"తాగలే. నీకు అబద్ధం చెప్పిన."

అవ్వ కోపం చేసుకోలేదు. సరిగ్గా వినబడనట్టు తల ఒకవైపుకు వంచింది. "ఏమని చెప్పినవు ఆమెకు?"

"మాది మేం తెచ్చుకున్నం అన్న."

నేహ బండి దిగబోయి మళ్లీ కూర్చుంది. గౌరవ్‌కు ఈ మాటలో ఏముందో తెలియదు, పాపం, వాడు పుట్టనేలేదు అప్పటికి. తల్లీ కూతుళ్లు ఒకరినొకరు చూసుకున్నారు, ముప్పై రెండేళ్లలో మొదటిసారి, ఆ రేవు దగ్గర ఇద్దరూ ఉన్నారని ఇద్దరికీ తెలుసని ఇద్దరికీ తెలిసింది. అరుంధతికి భూమి చీలితే బాగుండుననిపించింది, తిట్టినా బాగుండును, నాలుగు వాడల వాళ్లు వినేలా తిట్టినా బాగుండును. లక్ష్మక్క అడిగింది వేరే.

"దొప్ప పట్టుకొని నిలబడ్డదా ఆమె?"

"నిలబడ్డది."

"ఎంతసేపు?"

"టైర్ మార్చేదాంక."

అవ్వ ఊఁ అంది. అంతసేపు నిలబడితే కాళ్లు ఎక్కడ లాగుతాయో, చేతిలోది ఏ వైపు ఒరుగుతుందో తెలిసిన మనిషి అన్న ఊఁ. తర్వాత డిక్కీ దగ్గరికి నడిచి, పైనున్న ముల్లెను తీసి చంకన పెట్టుకుంది. ఆనంద్ అత్తమ్మా అని ఏదో అనబోయాడు.

"గిది తిన్నోల్లు ఇచ్చేది" అంది. "తిననోల్లు ఇస్తే దానం అయితది. నా చెల్లెకు నువ్వు దానం చేస్తవా?"

"మరి ఏం చెయ్యాలె అవ్వా?" అరుంధతి గొంతు చిన్నప్పటి గొంతు అయిపోయింది, నలుగురి ముందూ.

"ఉత్త చేతులతోని పో. ఆ ఇంటి ముంగట కింద కూసో. పోస్తే తాగు."

"పొయ్యకపోతే?"

"పొయ్యకపోతే కూసో."

అని ముల్లెతో లోపలికి వెళ్లిపోయింది, గోడ పట్టుకుంటూ, వెనక్కి చూడకుండా. ఆనంద్ డిక్కీ మూశాడు. గౌరవ్ తన బండెక్కాడు. అరుంధతి ముందు సీట్లో కూర్చుంది, జాబితా ఎక్కడో జారిపోయింది, వెతకలేదు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకుని, అల్లపల్లి రోడ్డు మీద మొదటి గుంత వచ్చేదాకా వాటినే చూస్తూ ఉంది.